గెడ్డ మొగ దగ్గర ఒక రాత్రి

సంచికకు ఏదైనా రాసివ్వమని సంపాదకవర్గంలో ఉన్న మిత్రుడు అడిగినప్పుడు "ఏం రాయమంటావు?" అన్నాను. "సైన్సు వాడివి కదా, సైన్సు రాయి. లేదా పల్లెటూరి వాడివి కదా, పల్లె మీద రాయి" అన్నాడు. నేను రాసుకొచ్చింది మాత్రం యుద్ధం మీద. అదీ మన యుద్ధం కాదు. ఎనభై ఏళ్ళ కిందట, పసిఫిక్ మహాసముద్రంలోని ఒక దీవిలో, ఒక చిన్న గెడ్డ ఒడ్డున, ఒక్క రాత్రీ ఒక్క పగలూ జరిగిన పోరు. కాగితాలు చూసి వాడు మొహం చిట్లించాడు. "నీకూ దీనికీ ఏమిటి సంబంధం?" అన్నాడు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే ఇది మళ్ళీ మొదటినుంచీ రాశాను.

కిందటి ఏడాది వానల్లో, ప్రాక్టికల్స్ లేని ఒక మధ్యాహ్నం లైబ్రరీలో రెండవ ప్రపంచయుద్ధం పుస్తకం ఒకటి తీశాను. అందులో విశాఖపట్నం పేరు ఉందా లేదా అని చూడడం నా ఉద్దేశం. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీదా, కాకినాడ మీదా బాంబులు వేశాయి. ఆ రోజుల్లో పట్నం నుంచి చుట్టాలు మూటాముల్లె సర్దుకుని ఉద్దానంలో ఉన్న మా ఊరు వచ్చేశారనీ, నెల్లాళ్ళపాటు వాళ్ళందరికీ గంజి కాచి పోశామనీ మా మామ్మ వాళ్ళమ్మ చెప్పేదట. అది నిజంగా చరిత్రలో ఉందో, మా మామ్మ కథల్లోనే ఉందో తేల్చుకుందామనుకున్నాను. ఉంది. ఒక్క వాక్యం ఉంది. సంతోషించి పేజీలు తిప్పుతుంటే, అదే సంవత్సరం ఆగస్టులో తీసిన ఒక ఫొటో దగ్గర చెయ్యి ఆగిపోయింది.

అది ఒక ఇసుక మేట. ఒక పక్క సముద్రం, ఒక పక్క నిలిచిపోయిన నీరు, ఒడ్డున కొబ్బరిచెట్లు. మేట మీద మనుషులు పడి ఉన్నారు. అలలు కొట్టి కొట్టి సగం దేహాల దాకా ఇసుక పూడ్చేసింది. నిజం చెప్పాలంటే నన్ను మొదట ఆపింది ఆ శవాలు కావు. ఆ చోటు. అది అచ్చం మా ఊరి గెడ్డ మొగలాగే ఉంది.

వేరే జిల్లాల మిత్రుల కోసం చెబుతున్నాను. మా వైపు వాగును గెడ్డ అంటాం. గెడ్డ సముద్రంలో కలిసే చోటు మొగ. వానలు లేని కాలంలో గెడ్డలో జోరు ఉండదు. అలలు తెచ్చిపోసే ఇసుకను తోసేసే శక్తి దానికి చాలదు. అందుకని మొగకు అడ్డంగా మేట వేసేస్తుంది. మేటకు లోపల నీరు పచ్చగా, కదలకుండా మడుగు కట్టి ఉంటుంది. అవతలి ఒడ్డుకు వెళ్ళాలంటే ఎవడూ ఆ మడుగులో దిగడు, మేట మీద నుంచే నడుస్తాడు. ఈ సంగతి మా ఊళ్ళో గొర్రెలకు కూడా తెలుసు. కనుక రాత్రిపూట ఎవడినైనా కాపు వేసి పట్టుకోవాలంటే ఎక్కడ కూర్చోవాలో కూడా అందరికీ తెలుసు.

ఇప్పుడు ఆ దీవి సంగతి. పేరు గ్వాడల్‌కనాల్. ఆస్ట్రేలియాకు ఈశాన్యంగా ఉన్న సోలొమన్ దీవుల్లో పెద్దది. అప్పట్లో బ్రిటిష్ వారి ఏలుబడిలో ఉండేది. 1942లో జపాను వాళ్ళు దాన్ని పట్టుకుని, ఉత్తర తీరాన ఒక విమానాశ్రయం కట్టడం మొదలుపెట్టారు. అది పూర్తయితే అమెరికాకూ ఆస్ట్రేలియాకూ మధ్య ఓడల దారి చిక్కులో పడుతుంది. అందుకని ఆగస్టు 7న అమెరికన్ మెరీన్లు దిగి, పూర్తికావస్తున్న ఆ రన్‌వేను పెద్దగా పోరు లేకుండానే పట్టుకున్నారు. కాని మరుసటి రాత్రి సావో దీవి దగ్గర జపాను నౌకాదళం దెబ్బతీసి, నాలుగు పెద్ద యుద్ధనౌకలను ముంచేసింది. దాంతో సరుకు ఓడలు సామాను పూర్తిగా దింపకుండానే వెళ్ళిపోయాయి. ఒడ్డున మిగిలిన మెరీన్లు రోజుకు రెండు పూటలే తిన్నారు. అందులోనూ జపాను వాళ్ళు వదిలిపోయిన బియ్యమే చాలాభాగం. జపాను వాళ్ళు వదిలిన యంత్రాలతోనే రన్‌వే పూర్తి చేసుకున్నారు. మొదటి యుద్ధవిమానాలు దిగింది ఆగస్టు 20 సాయంత్రం. నేను చెప్పబోయే పోరుకు కొద్ది గంటల ముందు.

ఆ విమానాశ్రయాన్ని తిరిగి పట్టుకోవడానికి జపాను సైన్యం ఒక కర్నల్‌ను పంపింది. పేరు ఇచికి కియోనావో. 1937లో చైనాలో మార్కోపోలో వంతెన దగ్గర తగవు రేగి యుద్ధంగా మారినప్పుడు అక్కడ బెటాలియన్‌ను నడిపిన మనిషి. అనుభవం లేనివాడు కాదు, పిరికివాడు అసలే కాదు. అతని రెజిమెంటు జపానుకు ఉత్తరాన చలిదేశమైన హొక్కైడోకు చెందిన 7వ డివిజన్‌లోది. ఆ డివిజన్ పుట్టుక నన్ను కాసేపు ఆలోచనలో పెట్టింది. పంతొమ్మిదో శతాబ్దంలో హొక్కైడోలో అడవి కొట్టి పొలాలు చేసుకుంటూ, అవసరమైతే తుపాకీ పట్టే రైతు సైనికులను అక్కడ స్థిరపరిచారు. ఆ దళాల నుంచే 7వ డివిజన్ తయారైంది. అంటే నాగలీ తుపాకీ ఒకే ఇంట్లో ఉన్నవాళ్ళన్నమాట.

ఇచికి దగ్గర మొత్తం రెండు వేల పైచిలుకు మనుషులు ఉన్నా, వేగంగా వెళ్ళే ఆరు డిస్ట్రాయర్లలో పట్టినవాళ్ళు 917 మందే. మిగిలినవాళ్ళు నెమ్మదిగా నడిచే ఓడల్లో వెనక రావాలి. ఈ 917 మంది ఆగస్టు 18 అర్ధరాత్రి దాటాక, అమెరికన్లకు తూర్పుగా ముప్పై కిలోమీటర్ల పైబడి దూరంలో తైవు అనే చోట దిగారు. తలా 250 తూటాలు, ఏడు రోజుల తిండి. ఇచికికి వచ్చిన ఉత్తర్వులో, విమానాశ్రయం పట్టుకోవడం కుదరకపోతే ఒక చోట నిలిచి వెనకవాళ్ళ కోసం ఆగమని కూడా ఉంది. అతను ఆగలేదు. వంద మందిని తైవులో వదిలి, మిగిలిన ఎనిమిది వందల మందితో తీరం వెంట పడమరకు బయల్దేరాడు.

ఎందుకు ఆగలేదు? అతనికి పైనుంచి అందిన లెక్క ప్రకారం దీవి మీద ఉన్న అమెరికన్లు దాదాపు 2,000 మంది. రాత్రిపూట బాయినెట్లతో ఒక్క ఊపు ఊపితే చెల్లాచెదరవుతారని నమ్మకం. చైనాలో అలా జరిగింది కూడా. కాని ఆ రోజున గ్వాడల్‌కనాల్ మీద ఉన్న మెరీన్లు సుమారు 11,000 మంది.

ఇక్కడ పుస్తకం మూసేశాను. ఆ రోజు ఇక చదవలేకపోయాను. 2,000 అనుకుంటే 11,000. ఆ తప్పు లెక్క చూడగానే నాకు మా ఇంట్లో ఉన్న ఒక నోటు పుస్తకం గుర్తుకొచ్చింది.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా తీరాన్ని తాకినప్పుడు నేను తొమ్మిదో తరగతి. తెల్లారి చూస్తే ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరి, జీడి అన్నీ నేలకరిచాయి. మా తోటలో 112 కొబ్బరిచెట్లు. నష్టపరిహారానికి పడిపోయినవెన్నో, నిలిచినవెన్నో లెక్క రాసి ఇవ్వాలన్నారు. నాన్నకు రాతకోతలు అంతగా రావు. "నేను రాస్తాను" అని ఎగిరి గంతేశాను. క్లాసులో లెక్కల్లో నేనే ఫస్టు మరి. నోటు పుస్తకంలో గీతలు గీసి, వరస నంబర్లు వేసి, గంటలో తేల్చేశాను. పడిపోయినవి 64, బతికినవి 48.

నాన్న ఆ కాగితం వంక చూసి "మొవ్వు సూడకుండా బతికిందని ఎలగ రాస్తావురా? నెల్లాళ్ళు ఆగు" అన్నాడు. నేను నవ్వాను. ఆకు పచ్చగా ఉంది, చెట్టు నిటారుగా ఉంది, ఇంకా చూసేదేమిటి? ఊళ్ళో అందరికంటే ముందు మా లెక్కే ఇచ్చేశాను. కొబ్బరిచెట్టు సంగతి తెలిసినవాళ్ళకు చెప్పక్కర్లేదు. గాలి మెలితిప్పినప్పుడు పైకి ఏమీ తెలియదు. లోపల మొవ్వు దెబ్బతింటుంది. ఆకులు వారాలూ నెలలూ పచ్చగానే ఉంటాయి. తరవాత నడిమి ఆకు వాలిపోతుంది, లాగితే చేతికి ఊడి వస్తుంది, కుళ్ళు వాసన వేస్తుంది. వేసవి వచ్చేసరికి నా 48లో 29 చెట్లు అలా చచ్చిపోయాయి. కాగితం మీద మాత్రం అవి బతికే ఉన్నాయి. ఇచ్చిన లెక్క మా సంతకంతో ఇచ్చింది. తప్పు నాది తప్ప ఇంకెవరిదీ కాదు.

నాటు కొబ్బరి మొక్క నాటితే కాపుకు ఏడెనిమిదేళ్ళు పడుతుంది. అన్నాళ్ళు ఇల్లు గడవాలి కదా. మరుసటి ఏడాది మా అన్నయ్య డిగ్రీ మధ్యలో వదిలేసి సైన్యంలో చేరాడు. మా వైపు సైన్యంలోకి వెళ్ళడం కొత్త కాదు, సిగ్గూ కాదు. చాలా ఇళ్ళల్లో ఒకరైనా ఉంటారు. అన్నయ్యకు ఇష్టం లేదనీ నేను అనను. కాని ఆ 29 చెట్లు లెక్కలోకి వచ్చి ఉంటే డిగ్రీ పూర్తి చేసేవాడేమో అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే ఇంకా కష్టం.

వారం పోయాక మళ్ళీ లైబ్రరీకి వెళ్ళి, ఆ పుస్తకం అడిగి తీసుకుని మిగిలింది చదివాను.

ఇచికికి తన లెక్క తప్పని తెలుసుకునే అవకాశం రాలేదా అంటే, వచ్చింది. ఆగస్టు 19న అతను ముందుగా పంపిన 38 మంది దళం మెరీన్ల గస్తీకి చిక్కి దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మెరీన్లు చనిపోయినవాళ్ళ టోపీలు చూశారు. వాటి మీద నౌకాదళం లంగరు లేదు, సైన్యం నక్షత్రం ఉంది. పటాలు, కాగితాలు దొరికాయి. తాజా సైన్యం తూర్పున దిగిందని వాళ్ళు గ్రహించి జాగ్రత్తపడ్డారు. అదే దెబ్బ నుంచి ఇచికి గ్రహించింది వేరు. ఇక ఆలస్యం చెయ్యకూడదు, ఇంకా త్వరగా వెళ్ళాలి అని. ఒకే కొలత ఇద్దరి ముందూ ఉంది. ఒకరు తమ అంచనా మార్చుకున్నారు, ఒకరు నడక వేగం మార్చుకున్నారు.

ఈ కథలో మూడో మనిషి ఉన్నాడు. ఆయన అమెరికన్ కాదు, జపనీయుడూ కాదు. జేకబ్ వూజా. గ్వాడల్‌కనాల్‌లోనే పుట్టిన పల్లెటూరి మనిషి. పాతికేళ్ళు పోలీసు నౌకరీ చేసి 1941లో రిటైరై ఇంటికి వచ్చాడు. యుద్ధం రాగానే, అడవిలో ఉండి శత్రువుల కదలికలు కనిపెట్టే మార్టిన్ క్లెమెన్స్ అనే బ్రిటిష్ అధికారి దగ్గర వేగు పనికి కుదిరాడు. ఆగస్టు 20న ఆయన జపాను వాళ్ళకు దొరికిపోయాడు. ఎవరో ఇచ్చిన చిన్న అమెరికన్ జెండా ఆయన గుడ్డలో దొరికింది. చెట్టుకు కట్టేశారు. అమెరికన్లు ఎంతమంది, ఎక్కడెక్కడ ఉన్నారు అని అడిగారు. తుపాకీ మడమలతో కొట్టారు. ఆయన నోరు విప్పలేదు. ఒంట్లోనూ గొంతులోనూ బాయినెట్లతో పొడిచి, చచ్చిపోయాడనుకుని వదిలేసి వెళ్ళారు.

ఆయన చావలేదు. కట్లు పళ్ళతో కొరికి తెంపుకుని, నెత్తురు కారుతూ, నడవలేనప్పుడు పాకుతూ, మైళ్ళ దూరం వచ్చి మెరీన్ల కాపలా దగ్గర పడ్డాడు. వైద్యం చెయ్యనివ్వక ముందు తాను చూసింది చెప్పాడు. తరవాత బతకనేమోనని భార్యాపిల్లలకు చివరి మాటలు క్లెమెన్స్ చేత రాయించాడు. ఆలోచిస్తే ఇది ఎంత చిత్రం! ఎదుటివాళ్ళు ఎంతమంది అన్న ఒక్క లెక్క కోసం ఇచికి మనుషులు ఒక మనిషిని పొడిచారు. ఆ లెక్క అతనికి దొరకలేదు. దొరకకపోయినా పరవాలేదనుకున్నాడు. తన దగ్గర 2,000 అని ఒకటి ఉంది కదా.

గెడ్డకు పడమటి ఒడ్డున పొలాక్ అనే లెఫ్టినెంట్ కర్నల్ బెటాలియన్ కాపు వేసి ఉంది. ఇసుక మేటకు ఎదురుగా మరతుపాకులు, 37 మిల్లీమీటర్ల చిన్న ఫిరంగి పెట్టారు. మేట చివర ముళ్ళతీగ కట్టారు, మనం తోటకు కట్టుకునేలాంటిదే. ఆగస్టు 21 అర్ధరాత్రి దాటాక ఇచికి మనుషులు తూర్పు ఒడ్డుకు చేరారు. విమానాశ్రయానికి ఇంత దూరంలో మెరీన్లు ఉంటారని వాళ్ళు అనుకోలేదు. రాత్రి ఒకటిన్నర ప్రాంతంలో దాదాపు వంద మంది మేట మీదికి ఉరికారు. ఆ మేట వెడల్పు ఏ పదో పదిహేనో గజాలు. దాని మీద పక్కకు తప్పుకునే చోటు లేదు. ఫిరంగిలో వేసింది మామూలు గుండు కాదు, లోపల చిన్న చిన్న ఉక్కు గుళ్ళు నింపినది. పిట్టలను కొట్టే తుపాకీలా అన్ని వైపులకూ చిమ్ముతుంది. ఆ వంద మందిలో అవతలికి చేరినవాళ్ళు కొద్దిమంది. చేరినవాళ్ళు గోతుల్లో మెరీన్లతో కలియబడి కత్తులతో పోరాడి అక్కడే పోయారు.

గంట గడిచింది. ఇంకో దళాన్ని పంపాడు. అదే మేట, అదే దారి. ఈసారి ఇంకా ఎక్కువమంది. వాళ్ళూ పోయారు. తెల్లవారుఝామున మూడోసారి. ఈసారి మేటకు అవతలగా, సముద్రపు అలల్లో దిగి చుట్టూ తిరిగి రాబోయారు. వాళ్ళ మీద కూడా ఫిరంగులు పడ్డాయి. ల్యాబ్‌లో ఒక ప్రయోగం తప్పు ఫలితం ఇస్తే ఆగి ఎక్కడ తప్పిందో చూడమని మాకు మొదటి ఏడాదే చెబుతారు. అక్కడ ఒక్కొక్క ప్రయోగానికి ఖర్చు వందేసి ప్రాణాలు.

అమెరికన్ల వైపు ఏమీ జరగలేదని అనుకోకూడదు. ఒక మరతుపాకీ గోతిలో ముగ్గురు కుర్రాళ్ళు ఉన్నారు. జాన్ రివర్స్ గుండు తగిలి చనిపోయాడు. లీ డైమండ్ చెయ్యి గాయపడింది. ఆల్బర్ట్ ష్మిడ్ అనేవాడు తుపాకీ అందుకుని కాలుస్తూనే ఉన్నాడు. ఒక చేతిబాంబు పేలి అతని కళ్ళు పోయాయి. కళ్ళు కనబడకుండానే, పక్కన డైమండ్ దిక్కు చెబుతుంటే కాల్చాడట. అతని వయసు అప్పటికి 21. నాకంటే ఒక్క ఏడాది పెద్ద. తరవాత 1945లో అతని మీద సినిమా తీశారు. సినిమా వచ్చినా చూపు రాలేదు.

తెల్లారాక కథ ముగింపుకు వచ్చింది. క్రెస్‌వెల్ అనే అధికారి ఇంకో బెటాలియన్‌తో ఎగువన గెడ్డ దాటి, వెనకనుంచి చుట్టుకొచ్చాడు. మిగిలిన జపాను సైనికులు కొబ్బరితోటలో చిక్కుకుపోయారు. ముందటి సాయంత్రం దిగిన విమానాలు పైనుంచి కాల్చాయి. మధ్యాహ్నం అయిదు చిన్న ట్యాంకులు ఆ మేట మీదుగానే తోటలోకి వెళ్ళాయి. సాయంత్రం అయిదయ్యేసరికి అంతా నిశ్శబ్దం. ఇచికి పోరులో చనిపోయాడని కొందరు, తనే ప్రాణం తీసుకున్నాడని కొందరు అంటారు. సాయం చెయ్యడానికి దగ్గరకు వెళ్ళిన మెరీన్ల మీద గాయపడిన జపాను సైనికులు తుపాకీ పేల్చారు. అది చూశాక మెరీన్లు పడి ఉన్న దేహాల మీద కూడా మళ్ళీ కాల్చారు. ఆ రోజు పుట్టిన ఆ పగ యుద్ధం చివరిదాకా దీవినుంచి దీవికి పాకుతూనే పోయింది.

ఎనిమిది వందల మందిలో 770 మందికి పైగా అక్కడే పోయారు. పట్టుబడినవాళ్ళు 15 మంది. తైవుకు తిరిగి చేరుకున్నవాళ్ళు ముప్పై మంది దాకా. అమెరికన్లలో చనిపోయినవాళ్ళు నలభై దరిదాపుల. పెద్ద యుద్ధంలో ఇది చాలా చిన్న పోరు. ఆ దీవి కోసం 1943 ఫిబ్రవరి దాకా కొట్టుకున్నారు. దీనికి పెట్టిన పేరు కూడా సరైంది కాదు. తెనారు నది యుద్ధం అంటారు. కాని జరిగింది తెనారు దగ్గర కాదు. మెరీన్ల పటంలో నదుల పేర్లు తారుమారయ్యాయి. అసలు తెనారు ఇంకా తూర్పున ఉంది. ఇది ఇలు నది అనే చిన్న గెడ్డ. మెరీన్లు దీన్నే ఆలిగేటర్ క్రీక్ అని కూడా అన్నారు. ఆ దీవుల్లో ఆలిగేటర్లు లేవు, ఉన్నవి మొసళ్ళు. రెండు సైన్యాలలో ఎవరికీ ఆ నేల పేరు కూడా సరిగా తెలియదు. తెలిసినవాడు వూజా ఒక్కడే.

కిందటి సంక్రాంతికి అన్నయ్య సెలవు మీద వచ్చాడు. ఇద్దరం తోటలో కూర్చున్నాం. తిత్లీ తరవాత వేసిన మొక్కలు మనిషి ఎత్తు దాటాయి. అన్నయ్యకు ఈ కథంతా చెప్పాను. ఎన్.సి.సి. క్యాంపులో చెప్పినట్టు చేతులు ఊపుతూ, ముళ్ళతీగ ఇక్కడ, ఫిరంగి ఇక్కడ అని పుల్లతో నేల మీద గీసి మరీ చెప్పాను. ష్మిడ్ దగ్గర మెచ్చుకుంటాడనుకున్నాను. ట్యాంకుల దగ్గర ఏమైనా అడుగుతాడనుకున్నాను. అంతా విని, ఒక్కటే అడిగాడు.

"ఎదర రెండు వేలమందే ఉన్నారని ఆ ముందు నడిచినోళ్ళకెవుడు సెప్పినాడు?"

"వాళ్ళకెవరూ చెప్పి ఉండరు. కర్నల్‌కు చెప్పి ఉంటారు" అన్నాను.

"అదే. ముందు నడిసేవోడికి లెక్క సెప్పరు. లెక్క ఎవుడో ఏస్తాడు. నడిసేది మనం" అన్నాడు. కోపంగా అనలేదు. అలవాటైన సంగతి చెప్పినట్టు అన్నాడు. తరవాత లేచి వెళ్ళి ఒక మొక్క మొవ్వు విప్పి చూసి "పేడపురుగు తగిలినట్టుంది, మందెయ్యాల" అన్నాడు. నేను గీసిన పటం మీద నుంచే నడిచి వెళ్ళాడు. నాకు ఆ నోటు పుస్తకం సంగతి చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. చెప్పలేకపోయాను. ఈ సంచిక పోస్టులో పంపిస్తాను. చదువుతాడు.

వూజా బతికాడు. కోలుకుని మళ్ళీ వేగు పనికి వెళ్ళాడు. అమెరికా వాళ్ళూ బ్రిటిష్ వాళ్ళూ పతకాలిచ్చారు. 1979లో సర్ బిరుదు ఇచ్చారు. 1978లో స్వతంత్రమైన తన దేశాన్ని చూసి, 1984లో చనిపోయాడు. ఆ రన్‌వే ఉన్నచోటే ఇప్పుడు రాజధాని హొనియారా విమానాశ్రయం ఉంది. పుస్తకంలో రెండు సైన్యాల లెక్కలూ ఉన్నాయి. ఎన్ని తుపాకులు, ఎన్ని శవాలు, అన్నీ ఉన్నాయి. కాని ఆ కొబ్బరితోటలో ఎన్ని చెట్లు పోయాయో, తీరంలోని పల్లెలు వదిలి కొండల్లోకి పోయినవాళ్ళు తిరిగొచ్చి ఏం తిన్నారో ఆ పుస్తకంలో లేదు. ఫిరంగి గుళ్ళు తగిలిన చెట్లలో ఎన్ని కొన్నాళ్ళు పచ్చగానే నిలబడి, మొవ్వు కుళ్ళి పోయి ఉంటాయో! ఆ లెక్క మావాళ్ళలాంటి వాళ్ళకే తడుతుంది.

ఇచికి ధైర్యం లేక ఓడిపోలేదు. అతని సైనికులకూ ధైర్యం తక్కువ కాలేదు. ఉన్న ధైర్యమంతా ఆ మేట మీద పోసేశారు. లేనిది, తన దగ్గరున్న అంకెను ఒక్కసారి అనుమానించే గుణం. అది పిరికితనం అనుకున్నాడేమో. నేను కూడా తొమ్మిదో తరగతిలో అలాగే అనుకున్నాను. నెల్లాళ్ళు ఆగడం చేతకానివాళ్ళ పని అనుకున్నాను. సైన్సు చదువుతున్న మనం రోజూ అంకెలు రాస్తాం. రీడింగు సరిగా రాకపోతే పక్కవాడి రికార్డు చూసి సర్దేస్తాం. రేపు మనలో కొందరు లెక్కలు వేసే కుర్చీల్లో కూర్చుంటాం. గట్టు ఎంత ఎత్తు కట్టాలో, పంట ఎంత పోయిందో, తుపాను ఎక్కడ తాకుతుందో మనమే చెప్పాలి. ఆ అంకె మీద నడిచేవాళ్ళు మన ఎదురుగా ఉండరు. ఏ మేట మీదో ఉంటారు.

మిత్రుడు అడిగిన సంబంధం ఇదీ. నోటు పుస్తకం ఇంకా ఇంట్లో ఉంది. అందులో 48ని కొట్టేసి పక్కన 19 అని నాన్న తన చేత్తో, వంకరటింకరగా రాశాడు. ఆయన రాసిన అంకెల్లో నేను చూసింది అదొక్కటే. అది మాత్రం తప్పు కాదు.

— తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి